రెండువందల పదమూడో పేజీ

కొత్త పుస్తకం చేతికొస్తే ఎవరైనా ముందు అట్ట చూస్తారు, తర్వాత ముందుమాట చూస్తారు. నేను పైవరస చూస్తాను. పేజీకి పైన, అసలు విషయానికి కాస్త ఎడంగా, ఎడమవైపు పుస్తకం పేరు, కుడివైపు అధ్యాయం పేరు చిన్న అక్షరాల్లో ఉంటాయి చూడండి, అది. కంప్యూటర్ వాళ్ళు రన్నింగ్ హెడ్ అంటారు. మా నాన్న పైవరస అనేవారు. చదివేవాళ్ళెవరూ దాన్ని చదవరు. రాసినవాళ్ళు అసలే చదవరు. ఆ ధీమాతోనే నేను ఒక పెద్దమనిషి మీద పగ తీర్చుకున్నాను. తీర్చుకున్నందుకు ఈ రోజుకీ నాకు చింత లేదు. అందులో నేను చేసిన ఒక తప్పు గురించి మాత్రం ఉంది. రెండూ చెబుతాను.

మా నాన్న తెనాలిలో ఒక ప్రెస్సులో ఇరవై రెండేళ్ళు కంపోజిటర్. గోడ పొడుగునా చెక్క కేసులు, వాటి నిండా గళ్ళు, గళ్ళ నిండా సీసపు అక్షరాలు. అక్షరాలు ఒక్కొక్కటే ఏరి వరస కట్టాలి, వరసలు పేర్చి పేజీ కట్టాలి, పదహారు పేజీలు ఇనప చట్రంలో బిగించి ఫారం కట్టాలి. ఒక ఫారం అంటే యంత్రం మీద ఒక్కసారిగా అచ్చయ్యే సరుకు. ఆయన కట్టిన పుస్తకానికి చివర తప్పొప్పుల పట్టిక అవసరం పడేది కాదు. ఆ సంగతి ఆయన ఎవరికీ చెప్పేవారు కాదు కానీ, ఎవరైనా చెబితే వినడానికి ఆగేవారు.

పనిలో ఆయనకొక సూత్రం ఉండేది. విషయసూచిక అన్నిటికన్నా ఆఖర్న కట్టాలి. ఏ అధ్యాయం ఏ పేజీలో పడిందో పుస్తకం అంతా అయ్యాక గానీ తెలియదు కదా. ఇంట్లో కూడా అదే మాట. అమ్మ ఊరెళ్ళడానికి వారం ముందే సామాన్ల జాబితా రాస్తుంటే, "అప్పుడే విషయసూచిక కట్టేస్తున్నావా?" అని నవ్వేవారు.

ఎనభైల నడిమి సంవత్సరాల్లో బాపట్ల నుంచి ఒక తెలుగు లెక్చరరు తన పుస్తకం పట్టుకుని ఆ ప్రెస్సుకి వచ్చాడు. అందరూ మాస్టారు అనేవాళ్ళు, నేనూ ఇక్కడ అదే అంటాను. మా చుట్టుపక్కల ఊళ్ళ చరిత్ర రాశాడు. చేబ్రోలు గుళ్ళ మీద ఒక అధ్యాయం, ఈపురుపాలెం మగ్గాల మీద ఒకటి, సముద్రం పొంగి ఊళ్ళు మునిగిన సంగతి మీద ఒకటి. రేపల్లె పక్క పల్లెలో ఒక పెద్ద రైతు ఆ పుస్తకాన్ని అంకితం తీసుకుంటున్నాడు. అందుకని ఆ రైతు కుటుంబం కట్టించిన గుడి మీద, అక్కడ వాళ్ళు చేయించే కల్యాణం మీద కూడా ఒక అధ్యాయం ఉంది. అందులో ఆయన కుటుంబం అంతా నిలబడి తీయించుకున్న ఫోటో ఉంది.

మాస్టారికి తొందర. అంకితం పేజీ రైతుగారికి ముందే చూపించాలట. అది ఉండే మొదటి ఫారం ముందు వేసేయమన్నాడు. విషయసూచిక కూడా అందులోనే ఉంటుంది. ఆఖర్న కట్టాల్సింది మొదట కట్టించుకున్నాడు. నాన్న వద్దన్నా ప్రెస్సు ఓనరు సరేనన్నాడు. అన్ని పేజీలూ తయారయ్యాక, చివరి ఫారం ఒక్కటి అచ్చుకి మిగిలి ఉండగా, మాస్టారు మళ్ళీ వచ్చాడు. ఎవరో పెద్దలు అన్నారట, పుస్తకం మంగళాంతంగా ఉండాలి, ఉప్పెన చావులతో ముగిస్తే అంకితం తీసుకున్నవారికి కీడు అని. కాబట్టి చివరనున్న ఉప్పెనని ముందుకి జరిపి, కల్యాణాన్ని చివరికి తేవాలి.

ఇక్కడ ఒక పని సంగతి చెప్పాలి. పైవరసలు పేజీతో కలిపి కట్టరు. చట్రంలో వాటి చోట్లో అవి విడిగా ఉంటాయి. పేజీలు అటూ ఇటూ మారిస్తే కింది విషయం మారుతుంది, పైవరస మాత్రం ఉన్నచోటే ఉంటుంది. నాన్న పేజీలు మార్చి, ప్రూఫు తీసి చూశారు. రైతుగారి కుటుంబం ఫోటో మీద పైవరస ఇలా ఉంది: ఉప్పెనలో పోయినవారు.

ప్రూఫు అంచున పెన్సిలుతో రాశారు, 'పైవరసలు మార్చాలి. ఒక రోజు కావాలి' అని. మాస్టారికి ఒక రోజు లేదు. ఆవిష్కరణకి ముహూర్తం పెట్టేసుకున్నాడు. "పైవరసలు ఎవరు చూస్తారయ్యా?" అన్నాడట. పెన్సిలు రాతని ఎర్ర సిరాతో కొట్టేసి, పక్కన 'ఉన్నదున్నట్టు వేయండి' అని రాసి సంతకం పెట్టాడు. ప్రెస్సులో రచయిత సంతకం పడితే దానికిక తిరుగు లేదు. ఫారం యంత్రం ఎక్కింది. మాస్టారు వెళ్తూ వెళ్తూ ప్రూఫులన్నీ కట్టగట్టి ఇంటికి తీసుకెళ్ళిపోయాడు.

ఆవిష్కరణ తెనాలిలోనే ఒక హాల్లో జరిగింది. నేను అప్పుడు డిగ్రీలో ఉన్నాను. అమ్మా నేనూ నాన్నతో కలిసి వెనక వరసలో కూర్చున్నాం. నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకున్నారు. ముందు వరసలో రైతుగారి తల్లి పుస్తకం తెరిచి, తన కుటుంబం ఫోటో దొరికితే సంబరపడి, పైన ఉన్న ముక్క పైకే చదివింది. ఆవిడకి చదువు ఉండటం మా ఖర్మ.  రైతుగారు వేదిక మీదే పుస్తకం మూసి బల్ల మీద పెట్టేశాడు.

మాస్టారు మైకు అందుకున్నాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు మొదలుపెట్టాడు. "క్షమించాలి. ఇది కంపోజిటర్ అజ్ఞానం. అక్షరం అర్థం తెలియనివాళ్ళ చేతుల్లో సాహిత్యం పెడితే ఇలాగే ఉంటుంది" అన్నాడు. నాన్న లేచి నిలబడ్డారు. నోరు తెరిచారు. ఆయన గొంతు నలుగురిలో ఎప్పుడూ లేచింది కాదు. కొన్ని తలలు వెనక్కి తిరిగాయి. ఆయన మళ్ళీ కూర్చున్నారు. నేను పక్కనే ఉండి కూడా ఏమీ అనలేదు. ఆ ఒక్క నిమిషం నాకు పదకొండేళ్ళు నిద్రలో కూడా గుర్తొచ్చింది.

తర్వాత అమ్మిన ప్రతి కాపీలోనూ ఒక చీటీ అంటించారు. 'అక్షరములు కూర్చినవారి అజ్ఞానమువలన దొర్లిన దోషములు' అని పైన రాసి, కింద పట్టిక. ప్రెస్సు ఓనరు నాన్నని పిలిచి "కొన్నాళ్ళు ఇంటిదగ్గర ఉండండి" అన్నాడు. ఆ కొన్నాళ్ళు ఎప్పటికీ అవలేదు.

నాన్న రేపల్లె వెళ్ళిపోయారు. మా మేనత్త ఊరది. అక్కడ రైల్వే స్టేషను వీధిలో కాలితో తొక్కే చిన్న యంత్రం ఉన్న ఒక ప్రెస్సులో శుభలేఖలు, కరపత్రాలు, దశదినకర్మ కార్డులు కట్టేవారు. మళ్ళీ పుస్తకం ముట్టలేదు. శుభలేఖకి పైవరస ఉండదు కదా అని ఒకసారి తనే అన్నారు, నవ్వుతూ. నాకు ఆ నవ్వు చూస్తే కడుపు మండిపోయేది.

అంతకంటే ఘోరం ఇంకోటి ఉంది. ఏళ్ళు గడిచేకొద్దీ ఆయనకే అనుమానం పట్టుకుంది. అన్నం తింటూ తింటూ ఆగి, "నేను పెన్సిలుతో గుర్తు పెట్టానంటావా? పెట్టాననుకుంటున్నానేమో!" అనేవారు. "పెట్టారు నాన్నా" అనేదాన్ని. "నువ్వు చూశావా?" అనేవారు. నేను చూడలేదు. చూసినవాడు ఒక్కడే, వాడు బాపట్లలో పదిమందికి పాఠం చెప్పుకుంటూ నిమ్మకు నీరెత్తినట్టున్నాడు. ఒక మనిషి ఉద్యోగం పోగొడితే పోగొట్టాడు, చేసిన పని మీద ఆ మనిషికున్న నమ్మకం కూడా పట్టుకుపోయాడు. అది మాత్రం నేను క్షమించలేకపోయాను. అమ్మ "కందకు లేని దురద కత్తిపీటకెందుకే?" అనేది. కందకీ దురద ఉంది, బయటికి చెప్పలేదంతే.

నాకు పెళ్ళై బాపట్లే వచ్చాను. అదేమిటో నేను మొక్కుకున్నట్టే అయింది. తొంభైల్లో అక్కడ ఒక గది తీసుకుని డీటీపీ సెంటరు పెట్టాను. వ్యవసాయ కాలేజీ పిల్లలు థీసిసులు పట్టుకొచ్చేవాళ్ళు. వరి తెగుళ్ళ మీద, మినుము విత్తనాల మీద. వాటికి విషయసూచిక, పైవరసలు సరిగ్గా లేకపోతే కాలేజీలో తిప్పి పంపేవాళ్ళు. అలా పేజీలు కట్టే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్‌లో ఆ రెండు పనుల్లో నాకు చెయ్యి తిరిగింది.

అందులో మాస్టర్ పేజీ అని ఒకటి ఉంటుంది. దాని మీద ఏది పెడితే అది అన్ని పేజీల మీదా పడుతుంది. నేను ఒక్కో అధ్యాయాన్ని ఒక్కో ఫైలుగా చేసి, ఒక్కో మాస్టర్ పేజీ మీద ఒక్కో పైవరస పెట్టేదాన్ని. అప్పుడు పేజీలు ఎటు జరిపినా పైవరస వెంటే వస్తుంది. ఇది మొదటిసారి కుదిరిన రోజు నేను తెర ముందు కూర్చుని ఏడ్చాను. నాన్న చేతిలో ఇది ఉండి ఉంటే అనిపించింది.

విషయసూచిక ఇంకా వింత. శీర్షికలకి ఒక చిన్న గడిలో టిక్కు పెట్టి, ఫైళ్ళన్నీ వరసగా చేర్చి, సూచిక కట్టమంటే అదే పేజీ నంబర్లు ఏరుకుని కట్టేస్తుంది. తెలుగుతోనే తంటా. తెలుగు ఫాంటు అంటే ఆ రోజుల్లో ఇంగ్లీషు అక్షరాలకి తెలుగు ముసుగు వెయ్యడమే కాబట్టి, కట్టిన సూచిక నా మిషను మీద ముసుగు జారిపోయి పిచ్చి ఇంగ్లీషులో వచ్చేది. ఒక్కో వరసకీ మళ్ళీ తెలుగు ఫాంటు తగిలించాలి. సూచిక ఎన్నిసార్లు కట్టిస్తే అన్నిసార్లూ ఆ చాకిరీ తప్పదు. ఈ సంగతి గుర్తుంచుకోండి.

ఒక పొద్దున్న మాస్టారు మా గది మెట్లెక్కి వచ్చాడు. రిటైరయ్యాడు, జుట్టు తెల్లబడింది, గొంతు మాత్రం మైకు ముందు గొంతే.

"అమ్మాయ్, థీసిసులు బాగా చేస్తావటగా. నా పుస్తకం రెండో ముద్రణ వెయ్యాలి. తెనాలిలో ఆఫ్‌సెట్ వాడితో మాట్లాడాను, పేజీలు మాత్రం నువ్వు తయారుచెయ్యాలి" అన్నాడు.

"కూర్చోండి మాస్టారూ" అన్నాను. నన్ను గుర్తుపట్టలేదు. కంపోజిటరుకి ఒక కూతురు ఉంటుందని ఆయనకి తోచి ఉండదు. ఫ్యాను వేశాను. మంచినీళ్ళిచ్చాను. ఆయన తాగుతుంటే గుటకలు లెక్కపెడుతూ నిలబడ్డాను.

నాకప్పుడు ఉన్నది పగ ఒక్కటే. దాచను. ఆయన వెళ్ళగానే ముందుమాటకి కొత్త ఫైలు తెరిచి, మాస్టర్ పేజీ మీద 'ఉప్పెనలో పోయినవారు' అని పెట్టాను. ఆయన ముందుమాట కోసం విడిచిన నాలుగు ఖాళీ పేజీల మీదా అదే. అంకితం పేజీ మీదా అదే. ప్రింటు తీసి చూసుకుంటే కడుపు నిండిపోయింది. ఇది ఇలాగే అచ్చుకి పంపిస్తాను, ఈసారి మైకు ముందు ఏమంటాడో చూస్తాను అనుకున్నాను.

తర్వాత ఆయన ఇచ్చిన కొత్త ముందుమాట టైపు చెయ్యడం మొదలుపెట్టాను. మూడో పేరాలో ఈ వాక్యం వచ్చింది: 'మొదటి ముద్రణలో అక్షరములు కూర్చిన వ్యక్తి అజ్ఞానమువలన ఈ గ్రంథమునకు తీరని అపచారము జరిగినది.' పదకొండేళ్ళయినా తృప్తి తీరలేదన్నమాట. మా నాన్నని తిట్టిన తిట్టు నా వేళ్ళతో నేనే కొట్టాలి. కొట్టాను. ఒక్క అక్షరం కూడా తప్పు పోనివ్వలేదు.

బాపట్ల మీద ఆయన ఒక అధ్యాయం కొత్తగా చేర్చాడు. అది రాసిన కాగితాలు మందంగా, పసుపురంగు తిరిగి ఉన్నాయి. కాగితం పారేస్తే సరస్వతిని పారేసినట్టేనని చెప్పి, పాత ప్రూఫుల వెనక ఖాళీవైపు రాసుకొచ్చాడు. మన పండితులకి ఇది మామూలే. నేను ఏడో కాగితం తిప్పి పెడుతుంటే అవతలి వైపు ఒక ఫోటో కనిపించింది. పెద్ద కుటుంబం, నడుమ తలపాగా కట్టిన రైతు. దాని మీద పైవరస. అంచున పెన్సిలుతో 'పైవరసలు మార్చాలి. ఒక రోజు కావాలి.' మా నాన్న చేతిరాత. దాని మీద ఎర్ర గీత. పక్కన 'ఉన్నదున్నట్టు వేయండి', సంతకం, తారీఖు.

 కుర్చీలోంచి లేచి తలుపు వేసి వచ్చి మళ్ళీ చూశాను. ఈ కాగితం ఇన్నేళ్ళూ ఆయన ఇంట్లోనే ఉంది. దాచాడంటే దొంగ అనుకునేదాన్ని. దాచలేదు. వెనక వైపు ఏముందో చూడను కూడా చూడకుండా దాని మీద చరిత్ర రాసుకున్నాడు. మా నాన్న రేపల్లెలో అన్నం ముందు కూర్చుని నేను గుర్తు పెట్టానా అని తనని తనే అడుక్కుంటున్నంత కాలమూ అది ఈయనకి చిత్తుకాగితం. దొంగని మించిన కోపం వచ్చింది నాకు.

అప్పుడు నా పథకం మార్చాను. ముందుమాట మీద పెట్టిన పైవరస తీసేశాను. నేను తప్పులు పెడితే ఆయన రాసిన వాక్యం నిజమైపోతుంది. తండ్రి అజ్ఞాని, కూతురూ అజ్ఞానే అంటారు. కాబట్టి ఒక్క తప్పు లేని పుస్తకం ఇస్తాను, చివర ఆయన సంతకం ఆయనకే ఇస్తాను.

తెనాలి వెళ్ళి ఆ ప్రూఫుని స్కాన్ చేయించాను. చివరి అధ్యాయం రెండువందల పన్నెండో పేజీతో అయిపోతుంది. రెండువందల పదమూడో పేజీలో ఆ ప్రూఫు బొమ్మ పెట్టి, పైన శీర్షిక కట్టాను: 'మొదటి ముద్రణలో తప్పు ఎవరిది?' పైవరస కూడా అదే పెట్టాను. టిక్కు పెట్టాను. విషయసూచిక కట్టించాను. పిచ్చి ఇంగ్లీషులో వచ్చిన ప్రతి వరసకీ తెలుగు తగిలించాను. ఒక పూట పట్టింది. చివరి వరస చివర 213 అని చక్కగా కూర్చుంది.

మాస్టారు వచ్చాడు. మొత్తం ప్రింటు తీసిన కట్ట ఆయన ముందు పెట్టాను. ఏదీ దాచలేదు, ఆ పేజీ అందులోనే ఉంది.

"పైవరసలు చూసుకోండి మాస్టారూ" అన్నాను.

"చూశానమ్మా" అన్నాడు, కట్ట తెరవకుండానే.

"విషయసూచిక చూస్తారా అండి?"

"నువ్వు చూశావుగా."

"చివరి పేజీలు ఒక్కసారి తిరగెయ్యండి."

ఆయన చివరి పేజీలు తిరగెయ్యలేదు. సంచీలోంచి ఒక ఫోటో, ఒక కాగితం తీశాడు. శాలువా కప్పుకున్న ఫోటో. కాగితం మీద ఆయన గురించి ఆయనే రాసుకున్న పరిచయం. "చివరి అధ్యాయం అయిపోగానే ఇది పెట్టు. ఆవిష్కరణ దగ్గరపడింది, టైము లేదు" అన్నాడు. కలం తీసి కట్ట మీది కాగితానికి అడ్డంగా రాశాడు: ఉన్నదున్నట్టు వేయండి. సంతకం పెట్టాడు. అదే వంపు, అదే చుక్క.

మోసం చేశానంటారేమో. నేను మూడుసార్లు అడిగాను. మా నాన్న ఒక్కసారే అడిగారు.

ఆయన మెట్లు దిగుతుంటే నాకు పట్టరాని సంతోషం వచ్చింది. ఆ సంతోషంలోనే కూర్చుని ఫోటోకి ఒక పేజీ, దాని వెనక పరిచయానికి ఒక పేజీ తయారుచేశాను. చివరి అధ్యాయం అయిపోగానే పెట్టాను. ట్రేసింగ్ కాగితాల మీద ప్రింట్లు తీసి, పొద్దుటి రైలుకి తెనాలి పట్టుకెళ్ళి ఇచ్చేశాను. ఆఫ్‌సెట్ పెట్టినవాడు ఎవరో కాదు, నాన్నని కొన్నాళ్ళు ఇంటిదగ్గర ఉండమన్న ఆ ఓనరే. ఆయన కూడా కట్ట తిరగెయ్యలేదు.

ఆవిష్కరణ అదే హాల్లో. బైండింగ్ బంక కూడా ఆరని పుస్తకాలు నేరుగా హాలుకే వచ్చాయి. ఒక రిటైర్డ్ హెడ్మాస్టరు పుస్తక పరిచయం చెయ్యడానికి లేచాడు. మన సభల్లో పరిచయం ఎలా చేస్తారో అందరికీ తెలుసు. పుస్తకం చదివి ఉండరు. మైకు ముందు విషయసూచిక తెరిచి, ఒక్కో శీర్షికా చదువుతూ ఆహా ఓహో అంటారు. నేను నమ్ముకున్నది ఆ ఆచారాన్నే.

"చేబ్రోలు గుళ్ళు. ఎంత పరిశోధన! ఈపురుపాలెం మగ్గాలు. కళ్ళకు కట్టినట్టు రాశారు!" ఇలా పదకొండు అధ్యాయాలు మెచ్చుకుని చివరికి వచ్చాడు. "మొదటి ముద్రణలో తప్పు ఎవరిది? ఇది చాలా ఆసక్తికరమైన అధ్యాయం. రెండువందల పదమూడో పేజీ" అంటూ పేజీలు తిప్పాడు. తిప్పి, ఆగిపోయాడు.

రెండువందల పదమూడులో శాలువా కప్పుకున్న మాస్టారు నవ్వుతున్నాడు.

ముందు వరసల్లో అందరి చేతుల్లోనూ పుస్తకాలున్నాయి. ఎవరో ఆడమనిషి, "మాస్టారి ఫోటోయే కదండీ!" అంది. ఒక మూల నవ్వు మొదలై హాలంతా పాకింది. నవ్వుతూనే ఎవరో ఆకు తిప్పారు. రెండువందల పదిహేనులో ప్రూఫు ఉంది. నవ్వు కొంచెం కొంచెంగా ఆగిపోయింది.

రైతుగారు ముసలాడయ్యాడు. కళ్ళజోడు పెట్టుకుని పేజీ దగ్గరికి తెచ్చుకుని పెన్సిలు రాత చదివాడు, ఎర్ర సిరా చదివాడు.

"ఈ సంతకం తమరిదేనాండి?" అన్నాడు.

మాస్టారు తేలు కుట్టిన దొంగలా ఉన్నాడు. "అంటే... అప్పట్లో సమయం చాలక..." అన్నాడు. మైకు పక్కనే ఉంది, అందుకోలేదు.

"మరి ఆ కంపోజిటరు ఏవయ్యాడండి?"

 వెనక వరసలోంచి నేను లేచి నిలబడ్డాను. "రేపల్లెలో శుభలేఖలు కడుతున్నారండి. మా నాన్నే" అన్నాను. నా గొంతు హాలు చివరిదాకా వినపడింది. మాస్టారు అప్పుడు నన్ను మొదటిసారి చూశాడు. మంచినీళ్ళిచ్చిన అమ్మాయిని, ఫ్యాను వేసిన అమ్మాయిని. ఆ చూపు కోసం పదకొండేళ్ళు ఆగాను. నేను అనుకున్నంత తియ్యగానూ ఉంది. ఇప్పుడు తలుచుకున్నా తియ్యగానే ఉంటుంది.

బయటికి వస్తుంటే ప్రెస్సు ఓనరు ఎదురొచ్చాడు. "సూచికలో సరిగ్గా ఫోటో ఉన్న పేజీ నంబరే వేశావు చూడు, అదమ్మా దెబ్బంటే!" అన్నాడు. ఇంకో నలుగురు కూడా అదే అన్నారు. నేను నవ్వి ఊరుకున్నాను. మెప్పు తీసేసుకున్నాను. "నాన్నగారిని ఒకసారి కనబడమనమ్మా" అన్నాడు ఓనరు. ఆయన మీద పగ ఇంకా అలాగే ఉంది, దానికి తగిన పుస్తకం దొరకలేదు.

అక్కడినుంచి రేపల్లె ప్యాసింజరు ఎక్కాను. నాన్న పనిలో ఉన్నారు. చేతులు కడుక్కుని, తువ్వాలుతో తుడుచుకుని పుస్తకం తీసుకున్నారు. అట్ట చూడలేదు. మొదటి పేజీ నుంచి పైవరసలు చూడటం మొదలుపెట్టారు. ఒక్కో పేజీ మీద బొటనవేలి గోరు ఆనించి, చూసి, తిప్పి. గంట పైనే పట్టింది. నేను స్టూలు మీద కూర్చున్నాను. మాస్టారి ఫోటో దగ్గర కూడా ఆగలేదు, పైన చూసి తిప్పేశారు. ప్రూఫు ఉన్న పేజీకి వచ్చారు.

ఆ పెన్సిలు రాత మీద వేలు పెట్టారు. 

"పెట్టాను" అన్నారు.

"పెట్టారు నాన్నా."

"పెట్టానే!" అన్నారు మళ్ళీ, నాతో కాదు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. మాస్టారు ఏమన్నాడు, హాల్లో ఏం జరిగింది, ఏదీ అడగలేదు. నేను చెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టారు. ఆయనకి కావలసింది దొరికింది.

అంతటితో ఆపుతారనుకున్నాను. వెనక్కి వెళ్ళి విషయసూచిక తీశారు. నంబర్లు ఒక్కొక్కటే పుస్తకంతో పోల్చి చూసుకుంటూ కిందికి వచ్చారు. ఆఖరి వరస దగ్గర గోరు ఆగింది.

"ఇక్కడ రెండువందల పదమూడని ఉంది. అక్కడేమో ఆయన ఫోటో ఉంది."

"అవును నాన్నా."

"కావాలని చేశావా?"

"హాల్లో అందరూ అదే అనుకున్నారు. భలే దెబ్బ కొట్టావన్నారు."

"వాళ్ళ సంగతి కాదమ్మా. నిన్నడుగుతున్నా."

ఆయన ముందు కూర్చుని అబద్ధం చెప్పడానికి నాకు నోరు రాలేదు. "కాదు నాన్నా. సూచిక ముందే కట్టేశాను. తర్వాత ఫోటో పేజీ వచ్చింది. మళ్ళీ కట్టించాలని గుర్తు లేదు. ఆ రోజు మరీ సంతోషంలో ఉన్నాను. తప్పు నాదే" అన్నాను.

మాస్టారు పదకొండేళ్ళలో అనలేకపోయిన మాట అది. నాకు కూడా సులువుగా ఏమీ రాలేదు.

నాన్న చెవి మీది పెన్సిలు తీశారు. 213 కొట్టేసి, అంచున 215 అని రాశారు. పుస్తకాన్ని నా వైపు తిప్పి పెన్సిలు నా చేతిలో పెట్టారు.

"సంతకం పెట్టు" అన్నారు.

పెట్టాను.